ఒప్పేసుకో, చెప్పేస్తా!

సాయంత్రం పూట కాలవ గట్టు మీద నలుగురు స్నేహితులు చేరి పొడుపు కథలు వేసుకుంటుంటే, దారిన పోయేవాళ్ళు సరదాకనుకుంటారు. అనుకోనివ్వండి. అది గెలవడానికని మీకొక్కరికి తెలిస్తే చాలు. కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించారంటే, వచ్చే సంక్రాంతి నాటికి మీ ఎదుట నోరు విప్పే మొనగాడు ఊళ్ళో మిగలడు.

అన్నిటికన్నా ముందు, ఏ జవాబు చెప్పినా తప్పయ్యే ప్రశ్న ఒకటి సంపాదించండి. రాజమండ్రి వాళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం. "మన ఊరి దగ్గర గోదారి మీద వంతెనలెన్నిరా?" అని అడగండి. వాడు నాలుగన్నాడా, "1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైలే నడవడం లేదు, దాన్నెలా లెక్కేస్తావు? మూడే" అనండి. మూడన్నాడా, "ఏం, హేవలాక్ వరదలో కొట్టుకుపోయిందా? నాలుగు" అనండి. ఇంకా పట్టు వదలకపోతే 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన బయటికి తీయండి. పైన బస్సు, కింద రైలు, కాబట్టి అది ఒకటి కాదు రెండని వాదించండి. రెండో టీ వచ్చేసరికి వాడికి తన ఇంటి నంబరు మీద కూడా అనుమానం వస్తుంది.

ఇదే బాపతులో ఇంకోటి. "తూర్పు గోదావరి జిల్లా కేంద్రం ఏది?" కిటుకంతా ఏ సంవత్సరమో చెప్పకపోవడంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యేదాకా కాకినాడ, అప్పట్నుంచి రాజమహేంద్రవరం. గ్రూప్-2కి పాత గైడు చదివినవాడు కాకినాడ అంటాడు. వాణ్ణి చూసి జాలిగా నవ్వాలి. రాజమహేంద్రవరం అన్నవాడితో "నేనడిగింది మనం బళ్ళో చదువుకున్న మాట" అనాలి. యానాం ఏ జిల్లాలో ఉందన్నది కూడా చేతిలో ఉంచుకోండి. చుట్టూ ఆంధ్రా, తను మాత్రం పుదుచ్చేరి, పైగా తానే ఒక జిల్లా. కోనసీమ అన్నా, కాకినాడ అన్నా దొరికిపోతారు.

సరే, ఎవడో ఒకడు సరైన జవాబే చెప్పేశాడనుకోండి. కంగారు పడకండి, జవాబులో రంధ్రం వెతకండి. "175 తలుపులు, ఒక్క గడపా లేదు. వరదొస్తే తెరుస్తారు, వేసవిలో మూస్తారు" అని కథ వేశారు. వాడు ఠక్కున "కాటన్ దొర ఆనకట్ట!" అన్నాడు. మామూలు మనిషైతే భుజం తట్టేస్తాడు. మీరలా జారిపోకూడదు. కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు ధవళేశ్వరంలో ఉన్నది ఆ తర్వాతెప్పుడో కట్టిన బ్యారేజీ, దానికి ఉన్నది దొరగారి పేరు మాత్రమే. కాబట్టి తప్పు. "కుండ వీపు మీద పుట్టింది, కాగితంలా ఉంది, చదవబోతే నోట్లో కరిగింది" అన్నదానికి ఆత్రేయపురం కుర్రాడు "పూతరేకు" అంటాడు. వాళ్ళమ్మ ఇంట్లో చేస్తుంది మరి, అనకేం చేస్తాడు? "కుండ మీద పుట్టేది వట్టి రేకు. నెయ్యి, బెల్లం తగిలించి మడత పెడితేనే పూతరేకు" అని నోరు మూయించండి. అంతే.

పులస జోలికి మాత్రం వెళ్ళొద్దు. సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, ఏరెక్కి ఎదురీదితే పులస అన్నది కథ వేయడానికి భలేగా ఉంటుంది, నిజమే. చిక్కల్లా జవాబు వచ్చాకే. అక్కణ్ణుంచి ఎవడూ ఆటలో ఉండడు. మట్టి దాకలో వండాలని ఒకడు, బెండకాయలు పడాల్సిందేనని ఇంకొకడు, రాత్రి వండి మర్నాడు తింటేనే రుచని మూడోవాడు. చీకటి పడిపోతుంది, ఎవరు గెలిచారో ఒక్కడికీ గుర్తుండదు. ఇంత వ్యర్థమైన సాయంత్రం మరొకటుండదు.

అవతలివాడు నుదురు ముడేసి ఆలోచిస్తున్నప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోకండి. మన అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన ఉద్యోగం. తెలుగునాట అవధానాన్ని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవులిద్దరూ గోదావరి జిల్లాల వాళ్ళే. చెళ్ళపిళ్ళ వారిది కడియం వైపు, దివాకర్ల వారిది భీమవరం దగ్గర యండగండి. వాళ్ళ ధార, ధారణ పట్టుబడాలంటే ఏళ్ళు కావాలి. అప్రస్తుత ప్రసంగానికి ఒక టీ చాలు. "ఇంతకీ మీ బావగారి స్థలం రిజిస్ట్రేషనైందా?" అనండి, దెబ్బకి తట్టబోయిన జవాబు గోదాట్లో కలుస్తుంది. అవధానంలో ఆ అడిగేదాంట్లోనూ చమత్కారం ఉండాలంటారు గానీ, అది పండితుల గొడవ.

రాజమండ్రిలో పుట్టినవాణ్ణి పడగొట్టాలంటే యక్షప్రశ్నలు తెలుగులో ఎవరు రాశారని అడగండి. భారతం అనగానే నన్నయ్య, నన్నయ్య అనగానే మన ఊరు అని ఛాతీ విరిచి చెప్తాడు. నన్నయ్య అరణ్యపర్వం సగంలోనే ఆగిపోయాడు, యక్షుడి మడుగు దాకా రానేలేదు. ఆ మిగిలింది పూర్తి చేసింది ఎర్రన. తిక్కన అన్నవాడు ఇంకా సులువు, ఆయన మొదలెట్టిందే విరాటపర్వంతో. అన్నట్టు ఆ యక్షుడి పద్ధతే మేలు. జవాబు చెప్పకుండా నీళ్ళు ముట్టుకున్న నలుగురూ పడిపోయారు. మీరూ జవాబు వచ్చేదాకా టీ గ్లాసు అందనివ్వకండి.

మీ వంతొచ్చి జవాబు తట్టకపోతే "తెలీదు" అనకండి. రేవులో కాళ్ళు కడుక్కొస్తానని వెళ్ళి ఫోన్ చూసుకోండి. క్లూ అడిగినవాడికి ఇవ్వనే వద్దు. మరీ బతిమాలితే, జవాబు పడవైనా సరే "తినేదే" అని చెప్పండి.

మామ్మగారు అరుగు మీదుంటే అసలు ఆట మొదలెట్టకండి. కథ సగం వేయకుండానే ఆవిడకి జవాబు తెలిసిపోతుంది. తెలిసీ, మనవలు గెలవాలని కావాలనే తప్పు చెప్తుంది. ఓడిపోయి పకపకా నవ్వుతుంది కూడా. ఆట పాడు చేసేది ఇలాంటి వాళ్ళే.

ఇక వరద నెలల్లో ఒక ప్రశ్న ఊరిస్తుంది: ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎన్ని అడుగులకి? పట్నం స్నేహితుల్ని నిక్షేపంగా అడగండి, ఒక్కడూ చెప్పలేడు. లంకల్లో ఉండేవాళ్ళని మాత్రం అడక్కండి. 11.75, 13.75, 17.75 అని మూడు హెచ్చరికలూ గడగడా చెప్పి, ఎగువన భద్రాచలంలో 43 దాటిన నీళ్ళు తమ ఊరికి ఎప్పటికి వస్తాయో కూడా చెప్తారు. వాళ్ళతో పెట్టుకుంటే ఓడిపోయేది మీరే.