స్టెప్నీ

లారీ వెనకాల వేలాడే స్టెప్నీ చక్రం ఉంటుంది చూడండీ, ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహంలో నాదీ అదే హోదా. పేరు మాత్రం గొప్పది: రుబీడియం అణుగడియారం. ఇందులో ఉన్న మేం ముగ్గురు గడియారాలం విదేశంలో ఒకే చోట తయారయ్యాం. ఎవరు చేశారన్నది ఇప్పుడెందుకులెండి. 2013 జులై 1, అర్ధరాత్రి కావస్తుండగా శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ22 ఎక్కాం. దారి చూపడానికి దేశం సొంతంగా పంపిన తొలి ఉపగ్రహం మాదే. మా ఉపగ్రహాల జట్టుకి నావిక్ అని నామకరణం జరిగింది మరో మూడేళ్లకి.

నా పొట్టలో ఒక గాజుబుడ్డి, అందులో చిటికెడు రుబీడియం ఆవిరి, పక్కన ఊదారంగు దీపం. సెకనుకి 683 కోట్ల 46 లక్షల 82 వేల పైచిలుకు సార్లు ఊగే మైక్రోతరంగం తగిలితే, బుడ్డి దాటి వచ్చే వెలుగు కాస్తంత మసకబారుతుంది. తరంగం రవ్వంత అటూ ఇటూ అయిందా, వెలుగు మళ్లీ పెరుగుతుంది. ఆ మసక జారిపోకుండా పట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. ఇంత చాదస్తం దేనికంటే, నేను ఒక్క మైక్రోసెకను తప్పితే కింద లెక్క 300 మీటర్లు తప్పుతుంది. రాత్రిపూట హార్బరుకి తిరిగొచ్చే సరంగుకి 300 మీటర్లంటే, బోటు లోపలికి దూరడానికీ రాళ్లగట్టుకి గుద్దుకోవడానికీ ఉన్న తేడా.

అన్నలు పనిలో ఉన్నంతకాలం నాకు పిలుపు రాలేదు. 2016 జులైలో ఒకడు ఆగాడు. ‘ఇంకా ఇద్దరున్నారుగా’ అనుకున్నారు. 2017 జనవరికల్లా ముగ్గురం ఆగాం. కింది నుంచి మమ్మల్ని లేపాలని చూశారు. ఇంట్లో రేడియో పలక్కపోతే నెత్తిన ఒక్కటిస్తారు. నా నెత్తికి అందడానికి 36 వేల కిలోమీటర్ల చెయ్యి ఎవరికుంది?

అదే జనవరిలో యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాల్లోనూ 9 గడియారాలు ఆగాయని తెలిసింది. కానీ వాళ్లది మరో పద్ధతి. ఒక్కో ఉపగ్రహంలో నాలుగు గడియారాలు: రెండు నాలాంటి రుబీడియంవి, రెండు హైడ్రోజన్ మేజర్లు. ఏ ఉపగ్రహంలోనూ రెంటికి మించి పోలేదు. మా ఇంట్లోనో, ముగ్గురిదీ ఒకటే రక్తం. ఒకే లాటులో కొన్న టైరైతే, ముందు చక్రం పగిలిన ఎండకే స్టెప్నీ కూడా పగులుతుంది. నన్ను తప్పుపట్టే ముందు ఆ సంగతి కూడా చూడండి.

మా బదులు పని చూసుకోవడానికి 2017 ఆగస్టు 31న 1హెచ్ ఉపగ్రహం బయల్దేరింది. స్టెప్నీకి స్టెప్నీ అన్నమాట. రాకెట్ ముక్కు మీది ఉష్ణకవచం ఊడిరాలేదు. అడ్డుతెర తియ్యకుండానే ముహూర్తం దాటిపోయిన పెళ్లిలా, ఉపగ్రహం లోపలే ఉండిపోయింది. 2018 ఏప్రిల్ 12న వచ్చిన 1ఐ చోటుకి చేరింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా ఎగిరిన మరో ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 మళ్లీ అనుకున్న కక్ష్య అందుకోలేకపోయింది. గడియారాలు ఆగిన మా వాళ్లు కొందరు చోటు చెప్పలేరు గానీ, సందేశాలు మాత్రం కిందికి పంపుతున్నారు. పెన్షనరుకి ఉత్తరాలు పంచే పని ఇచ్చినట్టు!

నాకు కాస్త ఊరటనిచ్చినవాడు 2023 మే 29న ఎన్‌వీఎస్-01లో పైకొచ్చాడు. మనదేశంలోనే చేసిన రుబీడియం గడియారం. పని ఒకటే, పుట్టిల్లు వేరు. నా జబ్బు వాడికి వంశపారంపర్యంగా రాదు. వాడి జబ్బులు వాడికుండొచ్చు, అది వేరే సంగతి.

అన్నట్టు, గడియారం బాగున్నా గండం తప్పదు. 2016లోనే ఉత్తర కొరియా వైపు నుంచి వచ్చిన రేడియో రొదలో జీపీఎస్ మునిగిపోయి, దక్షిణ కొరియా చేపల బోట్లు వందలుగా వేట మానుకుని వెనక్కొచ్చాయి. అంత దూరం నుంచి వచ్చే మా గొంతు గుసగుసకన్నా తక్కువ, దగ్గర్లో ఎవరరిచినా వినబడదు.

మన సరంగు మాత్రం ఆ గండం సంగతి మరిచిపోలేదు. తెర మీది చుక్కని చూస్తూనే, చుక్కాని పక్కనున్న పాత కంపాస్ అద్దం మీద పేరుకున్న ఉప్పుని తువ్వాలుతో తుడుస్తాడు. ఆ కంపాస్‌కీ నాకూ ఏ చుట్టరికమూ లేదు.