పేరు మారని బండిని

నేను ఏపీ 11 నంబరు స్కూటర్‌ని. 2008 డిసెంబరులో మలక్‌పేట ఆర్టీఏలో నాకీ నంబరు పడింది. ఆ తర్వాత కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ నడుస్తోంది. నంబరు పాతదైతే ఎవరికీ నష్టం లేదు. ఆర్సీలో పేరు పాతదిగా ఉండిపోవడమే మా అందరి ప్రాణం తీసింది.

నా మొదటి యజమాని దిల్‌సుఖ్‌నగర్ సార్ నన్ను అపురూపంగా నడిపారు. రిటైరయ్యాక, నల్లగొండ నుంచి ఉద్యోగానికి వచ్చిన ఓ కుర్రాడికి అమ్మారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలూ పెట్టిచ్చారు. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. కానీ ఆ కాగితాలు నా సీటు కింద డిక్కీలోనే ఉండిపోయాయి. వానల్లో చెమ్మగిల్లి మడతల దగ్గర చిరిగాయి. సార్ సంతకంలోని నీలం సిరా పక్క కాగితానికి అంటుకుంది.

కుర్రాడు హెల్మెట్ లేకుండా చాదర్‌ఘాట్ దాటితే కెమెరా నా ప్లేటును పట్టేది. మెసేజీ మాత్రం సార్ ఫోనుకు వెళ్లేది. అప్పట్లో వంద జరిమానా, 35 యూజర్ చార్జీలు. ఆ 135 అప్పుడు హైదరాబాద్‌లో బండి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన లెక్కే. మొదట్లో ఒకటి రెండు సార్ తన జేబులోంచే కట్టారు. కుర్రాడికి ఫోన్ చేస్తే నంబరు మారిపోయింది. ఎర్ర లైటు దగ్గర గీత తొక్కి ఎరగని మనిషి పేరు మీద చలానాలు పేరుకుపోతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది.

2023 చివర్లో నా పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగియవచ్చింది. రెన్యువల్‌కు ఆర్సీలో పేరున్న మనిషే కావాలి. కుర్రాడు నన్ను తీసుకుని సార్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

“సార్, ఆర్సీ డేటు అయిపోతున్నది. మీరొక్క సంతకం పెట్టాలె.”

“పెడతాను బాబూ. ముందు ఇవి చూడు.”

సార్ నా నంబరు కొట్టి ఫోను అతని చేతికిచ్చారు. ప్రతి చలానాకూ ఓ ఫొటో ఉంది, అన్నీ వెనక నుంచి తీసినవే. పాత ఫొటోలో భార్య భుజం మీద పసిపాప. తర్వాతి దాంట్లో ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. కొత్తదాంట్లో పాప వీపున బడి సంచి. ఏ ఫొటోలోనూ ఏ తల మీదా హెల్మెట్ లేదు. అతను చాలాసేపు మాట్లాడలేదు.

“నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఉండాల్సిందేనయ్యా,” అన్నారు సార్.

డిసెంబరు 26 నుంచి ప్రభుత్వం పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చింది. కార్లకు 60 శాతం, మాలాంటి ద్విచక్ర వాహనాలకు 80, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90. కుర్రాడు మీసేవలో అన్నీ కట్టేశాడు. సార్ ముందు కట్టినవీ లెక్కేసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ పూట నా బరువు సగం తగ్గినట్టయింది. రాయితీ లేకపోయినా కట్టాల్సిందేనని నా గట్టి నమ్మకం.

కొత్త ఫారాలు నింపి, స్లాటు తీసుకుని, ఇద్దరూ కలిసే ఆర్టీఏకు వచ్చారు. రెన్యువల్ అయింది, పేరూ మారింది. ఇప్పుడు ఆర్సీలో కుర్రాడి పేరుంది, మెసేజీలు వచ్చేదీ అతని ఫోనుకే. తిరిగొస్తూ తనకూ భార్యకూ హెల్మెట్లు కొన్నాడు. పాప తలకు సరిపోయేది ఆ దుకాణంలో లేదు. అది దొరికేదాకా పాపను బడికి నడిపించి తీసుకెళ్తున్నాడు.