బయటి సాయం నిషిద్ధం

సైకిల్ తొక్కేవాళ్లలో ఒక వర్గం ఉంది. వాళ్లు ఎక్కడికీ పోరు. జగిత్యాలలో బయల్దేరి జగిత్యాలకే వస్తారు. 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల దాకా, అక్కడ ఎడమకు మళ్లి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, ఇంకా ఊపిరి మిగిలితే సిరిసిల్ల. మానేరు వంతెన మీద సైకిల్‌ను రెయిలింగుకు ఆనించి ఫొటో తీస్తారు. సైకిల్‌కే; మనుషులు ఆ ఫొటోలో ఉండరు. తర్వాత వెనక్కి.

శనివారం రాత్రి వీళ్లు ఇంట్లో చెప్పే మాట ఒక్కటే. "పొద్దుగాల రెండు గంటలు పోయొస్త. పిల్లలు లేవకముందే ఇంట్ల ఉంట." ఇంత వినయంగా అడిగితే ఎవరు కాదంటారు? లెక్క మాత్రం శనివారం సాయంత్రమే మొదలవుతుంది. అలాంటి ఒక సారునే తీసుకోండి: మేనకోడలి పెళ్లి రిసెప్షన్‌లో మటన్ ముట్టడు, కడుపు బరువెక్కుతుందట. అక్షింతలు వేసిన చేత్తోనే కారు తాళాలు తీస్తాడు. తొమ్మిదికే పడుకోవాలి కాబట్టి తొమ్మిదికే ఇల్లంతా పడుకోవాలి. టీవీ గొంతు నొక్కేస్తారు, పిల్లలను కసురుతారు. అంతకుముందే హాల్లో పాత దినపత్రిక పరిచి, గొలుసుకు నూనె వేసి, ఆ నూనె చేతులతోనే ఫ్రిజ్ తలుపు తీసి సీసాలు సర్దడం అయిపోయింది. నాలుగింటికి అలారం మోగితే అందరికంటే ఆఖరున లేచేది దాన్ని పెట్టుకున్నవాడే.

పదకొండు దాటాక తిరిగొస్తాడు. వడదెబ్బ తిన్న మొహం, ఎదురుగాలి మీద ఫిర్యాదు. ఆరు దోసెలు. స్నానం. తర్వాత "రికవరీ" అనే పవిత్ర కార్యం. దాన్ని మన పెద్దలు పగటి నిద్ర అనేవాళ్లు. సాయంత్రం లేచి ఫోన్‌లో మ్యాపు చూస్తూ, ఫలానా గడ్డ మీద తనకంటే పదకొండు సెకన్లు ముందెక్కిన ఎవరో నిజామాబాద్ డాక్టరును తలచుకుని ఉసూరుమంటాడు. రెండు గంటల సవారీ సోమవారం బడి గంట కొట్టేదాకా దిగదు.

దీనికి ఆయన పెట్టిన పేరు బ్యాలెన్స్. రెండు చక్రాల మీద నిలబడటం వచ్చినవాడికి ఆ మాట మీద పేటెంటు ఉంటుంది కాబోలు. కుటుంబాన్నీ ట్రైనింగ్‌నూ ఎలా సమన్వయం చేస్తున్నారని ఎవరైనా అడిగితే పావుగంట ఉపన్యాసమిస్తాడు. ఆ పావుగంటా ఆయన చిన్నకొడుకును ఎత్తుకుని ఉన్నది ఎవరో ఉపన్యాసంలో రాదు.

సైకిల్ మీద నాకు కోపం లేదు. ఈ క్రీడలో నాకు భలే నచ్చిన నియమం కూడా ఒకటుంది. బ్రెవే అని దూరపు సవారీలుంటాయి, 200, 300, 400, 600 కిలోమీటర్లు. రెండు వందలకు గడువు పదమూడున్నర గంటలు. ఒకే సీజన్‌లో నాలుగూ పూర్తి చేస్తే సూపర్ రాందొన్యూర్ అనే బిరుదు. వీటన్నిటికీ పెద్దమ్మ పారిస్-బ్రెస్ట్-పారిస్, నాలుగేళ్లకోసారి, 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా తొంభై గంటలు. ఈ సవారీల ఆత్మగౌరవమంతా ఒక్క షరతులో ఉంది: నడుమ ఎవరి సాయమూ తీసుకోకూడదు. వెనక కారు రాకూడదు. పంక్చరైతే నువ్వే వేసుకోవాలి, ఆకలైతే నువ్వే కొనుక్కోవాలి. కంట్రోల్ అనే మజిలీలో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఎవరైనా చేయి అందించాలంటే అక్కడే.

ఎంత నిఖార్సైన స్వావలంబన! జెర్సీ ఉతికిందెవరు, ఆ ఆదివారం అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందెవరు, జ్వరంగా ఉన్న పిల్లకు గంటగంటకూ నుదురు తుడిచిందెవరు అని నిర్వాహకులు అడగరు. నిషిద్ధమైంది బయటి సాయం. ఇంట్లోవాళ్ల సాయం బయటిది ఎలా అవుతుంది?

ఇక కొలతలు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, పెడల్ ఎన్నిసార్లు తిరిగింది (దీన్నే కేడెన్స్ అంటారు), కాలు ఎన్ని వాట్లు పుట్టించింది అన్నీ హ్యాండిల్ మీది గార్మిన్ మీటర్లో కనిపించాలి. కనిపించని కష్టం కష్టం కాదని ఈ మతం సిద్ధాంతం. కోరుట్ల దాటుతుండగా అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని తునికాకు చుడుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లూ లెక్క పెడుతూనే ఉంటారు, వెయ్యి బీడీలకింత అని కూలి కాబట్టి. ఆ వేళ్ల కేడెన్స్ ఎంతో ఏ గార్మిన్‌కూ పట్టలేదు. సిరిసిల్లలో పన్నెండు గంటల పాళీ దిగి, దూది అంటుకున్న తలతో సైకిల్ ఎక్కే సాంచాల (మరమగ్గాల) కార్మికుడు అప్పటికే నాలుగైదు సాంచాల నడుమ అటూ ఇటూ తిరిగి తిరిగి ఉంటాడు. ఇంటికి పోయే తోవను ఆయన రికవరీ రైడ్ అనుకోవడం లేదు. పాల క్యాన్లు కట్టుకుని పొద్దున్నే ఊళ్లోకి వచ్చేవాళ్లదీ అంతే. అవసరానికి తొక్కితే ఉత్త సైకిల్ తొక్కడం. అవసరం లేకుండా తొక్కితేనే ట్రైనింగ్.

అంతర్జాతీయ పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు. మన సారు ఎన్నడూ ఆ పోటీలకు పోడు. అయినా తన కార్బన్ బండిని ఆ అంకె దగ్గరికి దించడానికి ఒక బోల్టు మార్చి రెండు వేలు ఖర్చు పెడతాడు. పాలవాడి సైకిల్ బరువెంతో ఎవరూ తూచలేదు, క్యాన్లు దించితే కదా. ఆ మోటు సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది 2020 జూన్ 3న. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ముహూర్తం పెట్టినవాడికి దండం పెట్టాలి.

సర్కారుకు మాత్రం సవారీ చేసేవాళ్ల మీద ప్రేమ లేదనలేం. 2023 అక్టోబరు 1న హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పుతో, ఎండా వానా తగలకుండా. తెరిచిన అప్పటి మంత్రి సిరిసిల్ల ఎమ్మెల్యేనే. జగిత్యాల నుంచి కోరుట్లకు దూరం ఇంచుమించు అంతే. ఆ దారికి కప్పు లేదు. చలికాలం మొదట్లో మన పల్లె రోడ్ల అంచున ఉండేవి వడ్లు, చుట్టూ కాపలా రాళ్లు. వాటిని చూసి సారుకు వచ్చే కోపంలో సగం న్యాయమే. రాత్రిపూట ఆ రాళ్లు ప్రాణాలు తీయగలవు. మిగతా సగం తన సగటు వేగం పడిపోయినందుకు.

ఇన్ని చోట్ల ఆగని మనిషి వేములవాడలోనూ ఆగడు. గుడి పక్కనుంచే పోతాడు, ఒక చెయ్యి ఎత్తి రాజన్నకు నమస్కారం కూడా చేస్తాడు, వేగం తగ్గకుండా. ఇంట్లో తల్లి అదే రాజన్నకు మొక్కుకున్న కోడె మొక్కు ఏడాదిగా పెండింగు. "ఒక్క ఆదివారం తీస్కపో బిడ్డా" అంటే "టైం దొరుకుతలేదమ్మా" అంటాడు, అప్పుడే వేములవాడ నుంచి వచ్చి హెల్మెట్ విప్పుతూ.

కాబట్టి ఇంటావిడలకు నాదొక సూచన. వచ్చే ఆదివారానికి మీరే ఒక బ్రెవే పెట్టండి. గడువు క్లబ్బువాళ్లు పెట్టినంతే, పదమూడున్నర గంటలు. దూరం మీ ఇష్టం. కార్డు మీద మజిలీలు రాసివ్వండి: పిల్లల స్నానాలు, కూరగాయల మార్కెట్, మిక్సీ రిపేరు, మధ్యాహ్నం వంట, హోంవర్కు, అత్తగారి కోడె మొక్కు. ముద్రలు వేయడానికి అత్తగారున్నారు. తర్వాత చెప్పులేసుకుని మీరు బయటికి నడవండి, ఎక్కడికో చెప్పాల్సిన పని లేదు. నియమాలు సారుకు కొత్తవి కావు. ఒక్కటి మాత్రం గుర్తు చేయండి: "పసుపు డబ్బా ఎక్కడుంది?" అని ఫోన్ చేస్తే అది బయటి సాయమే. సవారీ పూర్తి కానట్టే: డీఎన్ఎఫ్.