మంచి పురుగునే పొడవండి

చిలమత్తూరు చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవాళ్లంతా చెప్పే మాట ఒకటే: బాగున్న పురుగు జోలికి పోవద్దని. నేను దానికి ఎదురు చెబుతాను. షెడ్డులో అన్నిటికన్నా బాగా మేస్తున్న పురుగునే పట్టుకోండి. నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచిన రెండుమూడు రోజులకు, కాల్చి చల్లార్చిన సూదితో దాని పొట్ట కింది కాలొకటి గుచ్చండి. మంచి నెత్తురు ఎలా ఉంటుందో ఎరగని కంటికి చెడ్డ నెత్తురు ఆలస్యంగానే దొరుకుతుంది.

ఎర్రటి చుక్క కోసం చూడకండి. ఈ నెత్తురు ప్రాణవాయువును మోయదు. ఆ పని ఒంటినిండా అల్లుకున్న గాలిగొట్టాలది. గాజుపలక మీద వేసి వెంటనే మైక్రోస్కోపు కింద పెట్టండి, ఆలస్యమైతే నల్లబడుతుంది. కణాలు ఐదు రకాలు. ప్రోహీమోసైట్లు, స్ఫెరులోసైట్లు గుర్తుపట్టి వదిలేయండి. ప్లాస్మటోసైట్ల దగ్గర మాత్రం కూర్చోండి, మేత వేళ దాటినా సరే. గాజు తగలగానే అవి సాగి, పరుచుకుని అతుక్కుంటాయి. గ్రాన్యులోసైట్లు బాక్టీరియాను మింగేస్తాయి. ఈనోసైటాయిడ్లు పగిలితే బయటపడే సరుకుతోనే చుక్క నల్లబడేది. మనకున్నట్టు యాంటీబాడీలు పురుగుకు లేవు, దాని కాపలాలో పెద్ద భాగం ఈ కణాలదే. అందుకే మందు డబ్బా కన్నా ముందు నలుగురూ కలిసి ఒక మైక్రోస్కోపు కొనండి. లేదంటే హిందూపురం పక్కన కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. అక్కడికి చచ్చిన పురుగును కాదు, బతికున్న మంచి పురుగును పట్టుకెళ్లి చుక్క చూపించమని అడగండి.

ఊజీ ఈగ మచ్చ పడ్డ పురుగునూ ఊరికే పారేయకండి, కోసి చూడండి. ఈ ఈగ 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకలో అడుగుపెట్టింది. దాని పిల్ల లోపలికి దూరగానే రక్తకణాలు చుట్టూ పొరలుగా పేరుకుని నల్లబడతాయి, ఊపిరాడకుండా చేద్దామని. ఆ పొరనే అది గరాటుగా మార్చుకుని బయటి గాలి పీలుస్తుంది. పురుగు కట్టిన గోడే శత్రువుకు ఊపిరిగొట్టం! బోరు నీళ్లు తోడి పెంచిన మల్బరీ అంతా దాని పాలవుతుంటే నాకు కడుపు మండుతుంది. ఒక్కసారి ఆ గరాటు చూడండి, కిటికీ వలలో చిరుగును రేపటికి వదిలిపెట్టలేరు.

గుచ్చినప్పుడు నెత్తురు చుక్క పాలలా వస్తే అది పాలకారు రోగం, కణాల కేంద్రకాల్లోనే వైరస్ నిండిపోయింది. అలాంటి పురుగులను బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేసి, షెడ్డుకు దూరంగా పూడ్చండి. చేతులు కడుక్కుని, సూది మళ్లీ కాల్చి, ఇంకో మంచి పురుగును పట్టుకోండి.