ఒకటో మీట, మూడో మీట

నేను ట్రంపెట్‌ని. నాలుగున్నర అడుగుల ఇత్తడి గొట్టాన్ని చుట్టలు చుట్టి, మూడు మీటలు బిగిస్తే నేను. మీరట్‌లో పుట్టి రైలెక్కి వచ్చాను. సాలూరులో ఓ బ్యాండు మాస్టారి ఇంట్లో గోడ మేకుకి వేలాడుతుంటాను. పెళ్లిళ్లలో మోగాను, శంబర పోలమాంబ జాతర దారిలో దుమ్ము తిన్నాను. ఓ ఊరేగింపులో జారిపడి మూతి సొట్టపోతే, లారీ బాడీలు కట్టే షెడ్డులో టింకరింగు మేస్త్రీ చెక్క సుత్తితో తట్టి తట్టి గుండ్రం చేశాడు. ఆ మచ్చ ఇప్పటికీ వేలికి తగులుతుంది.

ఓ వేసవిలో మాస్టారు ఎనిమిది మంది గుంటల్ని పోగేశారు. రెండు ట్రంపెట్లు, రెండు క్లారినెట్లు, శాక్సోఫోను, యుఫోనియం, డ్రమ్ములు, ఓ పాత కీబోర్డు. జాజ్‌తో మొదలుపెట్టారు. జాజ్ నడకలో జంట స్వరాలు సమంగా ఉండవు. మొదటిది సాగుతుంది, రెండోది ముడుచుకుంటుంది. ఆ ఊగు గుంటలకి చిక్కలేదు. వారం రోజులు ఒకడు ముందు, ఒకడు వెనక.

ఎనిమిదో రోజుకి మాస్టారు సొంతంగా ఓ ముక్క రాసుకొచ్చారు. రాక్ దరువు. అక్షరాలన్నీ సమానం, రెండో దెబ్బా నాలుగో దెబ్బా సైడు డ్రమ్ము మీద గట్టిగా పడతాయి. దారి తప్పినవాడు ఆ దెబ్బ పట్టుకుని మళ్లీ ఎక్కేయొచ్చు. 1969, 70ల్లో మా ట్రంపెట్ల పెద్దదిక్కు మైల్స్ డేవిస్ జాజ్‌లోకి రాక్‌ని పిలిచాడు కదా, ఆ తలుపు నుంచే మా గుంటలూ దూరారు.

స్వరాలు ఐదే: స గ మ ప ని. రాక్ గిటారు వాళ్లు నిత్యం వాయించే ఆ వరస మన శుద్ధ ధన్యాసే. సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో పుట్టిన శివరామపురం మాకు దగ్గరే. ఈ నేల పిల్లలకి రాగం పరాయిది కాదు.

నన్ను పట్టుకున్నవాడు పన్నెండేళ్లవాడు. ‘స’కి ఒకటో మీట, మూడో మీట. ‘గ’కి ఒకటో మీటే. ‘మ’కీ ‘ని’కీ ఏ మీటా నొక్కక్కర్లేదు, తేడా అంతా పెదాల బిగువులోనే. అక్కడే వాడు తడబడేవాడు.

“నోరు నొప్పెడతంది మాస్టారూ.”

“బలం పెట్టకురా నాన్నా. ముందు లోపల పాడుకో, తర్వాత ఊదు.”

సులువైన ముక్కంటే చులకన చేసేవాళ్లని చూశాను. నేనొప్పుకోను. ఏ స్వరం ఏ లేత పెదవిని కోస్తుందో ఎరిగినవాడే సులువుగా రాయగలడు. మాస్టారు నన్ను పై షడ్జం దాటనివ్వలేదు. ఎవరికీ ఊపిరి సరిపోనంత పొడుగు వాక్యం పెట్టలేదు. అయినా నడుమ ఒక్కొక్కరికీ నాలుగేసి ఆవర్తాలు ఖాళీగా వదిలారు, కల్పనస్వరంలాగ, ఎవడికి తోచింది వాడు వాయించుకోమని.

మావాడి వంతొచ్చింది. ఐదు స్వరాలున్నా వాడు ‘మ’ ఒక్కటే పట్టుకున్నాడు. దాన్నే డ్రమ్ము దెబ్బల సందుల్లో విసిరాడు, ఓసారి పొట్టిగా, ఓసారి పొడుగ్గా. ఆఖరి ఆవర్తంలో కళ్లు మూసుకుని, మీట ముట్టకుండా, ‘ని’ మీదికి ఎగిరాడు. స్వరం చీలలేదు. డ్రమ్ము గుంటడు వాయిస్తూనే “ఓయ్!” అని కేకేశాడు. మావాడు నన్ను కిందికి దించి, అడుగు బెజ్జం తెరిచి తడి దులిపి, మళ్లీ పెదాలకి ఆనించుకున్నాడు. శాక్సోఫోను వంతు అప్పటికే మొదలైంది.