అచ్చువేయని పుస్తకమే అచ్చమైన పుస్తకము

2025 సెప్టెంబరు 3వ తేదీన ఢిల్లీలో జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశము సాహిత్యలోకమునకు చేసిన మహోపకారమును మనవారెవ్వరును గుర్తింపకుండుట మిక్కిలి శోచనీయము. సబ్బులు చౌక, నెయ్యి చౌక, చిన్నకార్లు చౌక అని పత్రికలు మురిసిపోవుచుండగా, నోటుపుస్తకములు కుట్టు కాగితముపై పన్ను సున్నయనియు, అక్షరములు ముద్రించు కాగితముపై మాత్రము నూటికి 12 చాలక 18 అనియు మండలివారు చేసిన సూక్ష్మవిభజనను విమర్శకాగ్రేసరులును విస్మరించిరి. తెల్లగానున్నంతవరకు కాగితము విద్యాసాధనము; దానిపై కథయో కావ్యమో ఎక్కెనా, పాపపరిహారముగా పన్ను చెల్లింపవలసినదే. ఈ తత్త్వమును గ్రహించి, సొంతఖర్చుతో పుస్తకములు వేసికొను తెలుగు రచయితలకు నేనిచ్చు హితవొక్కటే: ఇకమీదట మీ గ్రంథములను తెల్లగానే ప్రచురింపుడు.

ఏ ప్రక్రియకేది తగునో మండలివారే నిర్దేశించి పుణ్యము కట్టుకొనిరి. గణయతిప్రాసలకు కట్టుబడు పద్యకవులు రూళ్లపుస్తకమును, ఏ గీతకును లోబడని వచనకవులు రూళ్లులేనిదానిని చేపట్టవచ్చును; సున్నపన్ను జాబితాలో గ్రాఫుపుస్తకమును లాబొరేటరీ నోటుపుస్తకమును చేర్చుట, విమర్శకులను ప్రయోగవాదులను దృష్టియందుంచుకొనియే కావలయును. ‘అను’ ఫాంటులో కూర్చినది యూనికోడులోనికి మారునప్పుడు వత్తులన్నియు ఎగిరిపోవుటయు, నాలుగుమార్లు ప్రూఫులు దిద్దిన పిదపను అంకితపుటలో అత్తగారి పేరే తప్పుపడుటయు ఇక నుండవు. ఆవిష్కరణసభలో పుస్తకమును తెరువకయే గంటసేపు ప్రశంసింపగల పెద్దలు మనకు కొరతలేదు గనుక, వారి వాగ్ధోరణికి ఈషణ్మాత్రమును భంగము కలుగదు. మిగిలిన ప్రతులు (మిగులక మానవు గదా) మంచముక్రింద మగ్గుటకు మారుగా పిల్లల లెక్కలకును పాలపద్దులకును వినియోగపడును. మన కావ్యములకు ఇంతటి ఆదరణ మునుపెన్నడు లభించినది?

ఇక నవ్వు రాదు. డెమ్మీ సైజున 200 పుటల పుస్తకము 500 ప్రతులు వేయుటకు పన్నెండున్నర రీముల కాగితము పట్టును. దానిని కొనువాడు కోటీశ్వరుడు కాడు. జీవితమంతయు వ్రాసి, అచ్చువేయువారు దొరకక, పింఛనుసొమ్ములో పొదుపుచేసికొన్న బడిపంతులు. పుస్తకముపై పన్నే లేదని ప్రభుత్వము చాటుకొనును. ఆ సున్న మూలముననే కాగితముపై కట్టిన 18ని తిరిగి రాబట్టుకొను మార్గము మూసికొనిపోవుచున్నదని మాత్రము చెప్పదు. వీథివాకిట దండవేసి, పెరటివాకిట జేబు కోయుట కాక ఇదేమి మర్యాద? ఈ భారము రచయితతో ఆగునా? బడిపుస్తకము కొను ప్రతి తల్లిదండ్రులపైనను పడును. వ్రాసికొను పుస్తకము చౌక, చదువుకొను పుస్తకము ప్రియము! పాఠ్యపుస్తకము లేక, నోటుపుస్తకములో ఏమి వ్రాసికొనుమని ఏలినవారి ఉద్దేశము?

ఈ నిర్ణయము 2025 సెప్టెంబరు 22 నుండి అమలులోనికి వచ్చినది. రెండు తెలుగురాష్ట్రముల ప్రతినిధులును ఆ మండలిలో సభ్యులే. రచయితలారా, పాఠకులారా, నోటుపుస్తకపు కాగితమునకిచ్చిన సున్నను అచ్చుకాగితమునకును ఇప్పింపుడని వారిని అడుగుడు.