‘వీడా బ్యాట్‌మాన్!’ అను వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: 2019 వేసవిలో, రాబోవు బ్యాట్‌మాన్ రాబర్ట్ ప్యాటిన్సన్ అని వార్త పొక్కగా, ఒక అభిమాని టీ గ్లాసు బల్లపై ఠపీమని పెట్టి తన నేస్తముతో పలికిన వాక్యమిది.

మూలము: “వీడా బ్యాట్‌మాన్! ఆ గడ్డం చూడు, ఆ గొంతు విను. పాతోడే నయం రా!”

ప్రతిపదార్థము:

వీడా = ‘ట్వైలైట్’ (2008)లో ఎండ తగిలిన తళుకులీను రక్తపిశాచిగా కనబడిన ఈతడా? తుది ‘ఆ’కారము ప్రశ్నార్థకము కాదు, ఆక్షేపార్థకము. జవాబు చెప్పబోయిన టీ మాస్టరును వక్త చేసైగతో ఆపుటయే ఇందుకు ప్రమాణము.

బ్యాట్‌మాన్ = బాబ్ కేన్, బిల్ ఫింగర్ 1939లో కల్పించిన గాథం నగర వీరుడు. జాషువా ‘గబ్బిలము’ కావ్యములోని గబ్బిలముతో చుట్టరికము లేదు. అది కాశీకి సందేశము మోసినది, ఇది దొంగలను మోదును.

గడ్డం = చుబుకము. ‘పెరిగిన వెంట్రుకలు’ అని అర్థము చెప్పినవారు సినిమా చూడనివారు. ముసుగు నెత్తిని, నుదుటిని, ముక్కును మింగివేయగా నటునికి మిగులునది కన్నులు, పెదవులు, గడ్డము. కనుక వక్త గడ్డము నెంచుట అల్పబుద్ధి కాదు. ఎంచుటకు అంతకన్న ఏమియు లేదు.

గొంతు = ముసుగు తగిలించిన తోడనే క్రిస్టియన్ బేల్ తీయు గరగర ధ్వని. ‘బ్యాట్‌మాన్ బిగిన్స్’ (2005) వచ్చినపుడు ‘జలుబు చేసిందా?’ అని నవ్విన నోరే నేడు దానిని కొలబద్దగా పట్టుకొనినది.

పాతోడే = పూర్వుడే. ఆ పూర్వుడెవడు? బేల్ అని కొందరు, బెన్ ఆఫ్లెక్ అని కొందరు, మైకేల్ కీటన్ అని నెరసిన తలలవారు. నా మతమున ఈ పదమునకు నిలుకడయైన అర్థము లేదు. పన్నెండవ యేట వక్త చూచినవాడెవడో వాడే పాతవాడు.

విశేషము: ఆ పాతవారందరును ఒకప్పుడు ‘వీడా’లే. 1988లో దర్శకుడు టిమ్ బర్టన్ కీటన్‌ను ఎంచుకొనగా, ‘మిస్టర్ మామ్’లో ఉద్యోగము పోయి ఇంట పిల్లలను సాకిన హాస్యగాడు గబ్బిలమగుటయా అని వార్నర్ బ్రదర్స్‌కు యాభై వేల ఉత్తరములు వచ్చినవని ప్రసిద్ధి. ఉత్తరములనగా కాగితము కొని, రాసి, బిళ్ళ అంటించి, డబ్బాలో వేసినవి. నేటి తిట్టులో అంత శ్రమ లేదు. 1989 చిత్రమున రబ్బరు ముసుగు మెడ తిప్పనీయలేదు. పాపము కీటన్ ఉత్సవ విగ్రహమువలె మొత్తము ఒళ్ళు తిప్పెను. ఆ బిర్రే ఠీవి అయ్యెను. 2023లో ‘ది ఫ్లాష్’లో డెబ్బది దాటిన ఆ కీటన్ మరల రెక్కలు కట్టగా అభిమానులు ఈలలు వేసిరి.

నయం = మేలు అని కాదు. ‘నిన్నటి జ్వరమే నయం’ అనువానికి నిన్నటి జ్వరముపై ప్రేమ కలదా?

పూర్వపక్షము: అయిన అభిమాని అనుమానము ప్రతిసారియు తప్పేనా? కాదు. 1997లో జార్జ్ క్లూనీ ఆ వేషము కట్టిన ‘బ్యాట్‌మాన్ అండ్ రాబిన్’ను వద్దన్నవారిది తప్పనలేము, క్లూనీయే పలుమార్లు క్షమాపణ చెప్పుకొనెను. అయితే అచట గడ్డము నిర్దోషము, ఆ మాటకు వచ్చినచో అన్ని గడ్డములలో శ్రేష్ఠము. కవచమునకు చనుమొనలు పెట్టుట నటుని నేరము కాదు. ఇందువలన గడ్డమునకును చిత్రమునకును కార్యకారణ సంబంధము లేదని తేలుచున్నది. ఇది గడ్డవాదులకు గొడ్డలిపెట్టు.

దృష్టాంతము: 2006లో బ్యాట్‌మాన్ శత్రువగు జోకర్‌గా హీత్ లెడ్జర్ అనగా ‘ఆ ప్రేమకథల కుర్రాడా!’ అని నవ్విరి. 2008 జనవరిలో ఆతడు చనిపోయెను. ఆ జులైలో ‘ది డార్క్ నైట్’ వచ్చెను. మరుసటి యేట ఆస్కార్‌ను ఇంటివారు అందుకొనిరి. ఆనాడు నవ్వినవాడు నేడు వెదకినను ఒక్కడు దొరకడు.

మనకును ఇట్టిది కలదు. ‘సొంతవూరు’ (1956)లో కృష్ణుడుగా కొద్దిసేపు కనబడిన ఎన్.టి. రామారావును జనము మెచ్చలేదు. ఆయనయే జంకగా దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టి ‘మాయాబజార్’ (1957)లో మరల కిరీటము పెట్టించెను. తరువాత కృష్ణుని బొమ్మ గీయువారు రామారావు ముక్కు చూచి గీయవలసి వచ్చెను.

రా = సంబోధన. తేలికగా చూడరాదు. ఎదుట నేస్తము లేనిచో ఈ వాక్యమే పుట్టదు. ఆ నేస్తము ఇంతయు విని, “సర్లే, మొదటి ఆటకి వస్తావా రావా?” అనెను. వక్త, “రాక?” అనెను.

పాఠాంతరము: 2022 మార్చి, ‘ది బ్యాట్‌మాన్’ మొదటి ఆట విడిచిన పిదప, బండ్లు నిలుపు చోట, అదే వక్త నోట: “వీడే బ్యాట్‌మాన్! ఆ గడ్డం చూడు, ఆ గొంతు విను…” ‘ఆ’కారము ‘ఏ’కారమైనది. తక్కినది అక్షరము మారలేదు.